ఎంత ఎత్తుందని అడగలేదు

ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు నేను స్కూటర్ వెనక సీటుకు సంచి కడుతున్నాను. సమయం ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. ఆ రోజు పది గంటలకు గుత్తిలో సమీక్ష సమావేశం. ఎనిమిదిలోపు బయలుదేరాలని అప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్నాను. పశువుల ఆస్పత్రి గేటు దగ్గరికి నారాయణప్ప వచ్చి నిలబడ్డాడు. అయిదు కిలోమీటర్ల దూరంలోని ఊరి రైతు. నడిచి వచ్చినట్టున్నాడు, పాదాలకు తడిమట్టి అంటింది.

"సార్, మొన్నటి వానలకు జొన్న చేను మళ్లా పచ్చగైంది. ఎద్దుల్ని ఇడ్సొచ్చునా?"

"తడి ఆరినాక విడువు. ఏం కాదు."

"ఏం కాదు గదా సార్?"

"కాదప్పా. నాకు మీటింగుంది."

అతను దండం పెట్టి వెళ్లిపోయాడు. నేను స్కూటర్ ఎక్కాను. మా మధ్య జరిగింది ఇంతే. అర నిమిషం కూడా పట్టి ఉండదు.

ఈ జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యుడిగా పని చేశాను. ఈమధ్య ఉద్యోగంలో చేరిన కొందరు పిల్లలు నా అనుభవాలు రాసివ్వమన్నారు. వృత్తిలో ఎదగడానికి పనికొచ్చేవి రాయమన్నారు. నాకు పదోన్నతులు వచ్చాయి, బదిలీలు వచ్చాయి. వాటి గురించి రాయడానికి ఏమీ లేదు, అవి అందరికీ వస్తాయి. నేను నేర్చుకున్న దాంట్లో ఎక్కువ భాగం పైన రాసిన అర నిమిషం నుంచి నేర్చుకున్నదే. దానికంటే ముందు నేర్చుకుని మరిచిపోయినవి కొన్ని ఉన్నాయి, వాటిని ముందు చెప్తాను.

ఆకలికి సూది

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది కరువు. ఒక ముసలామె తన ఆవు లేవడం లేదని కబురు పంపింది. పోయి చూశాను. థర్మామీటరు పెట్టాను, జ్వరం లేదు. కాల్షియం ఎక్కించాను. రెండో రోజు మళ్లీ వెళ్లి విటమిను సూది వేశాను. మూడో రోజు ఇంకొక సూది తీస్తుంటే ముసలామె నా పక్కన కూర్చుని నిదానంగా చెప్పింది.

"ఎయ్యి సామీ, వద్దనను. అయితే సూదికి ముందు అది ఏమన్నా తినాల గదా?"

మేత వేసే గాడిలోకి చూశాను. ఏమీ లేదు. మూడు రోజులుగా నేను ఆ గాడి పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాను, ఒక్కసారి కూడా అందులోకి చూడలేదు. కాలేజీలో నాకు రోగాలు నేర్పారు. పశువు దగ్గరికి పోగానే నేర్చుకున్న రోగాల్లో ఏది సరిపోతుందా అని వెతికాను. నేర్చుకోనిది నా కంటికి ఆనలేదు. ఆవు నాలుగో రోజు చనిపోయింది. ఆకలికి నా సంచిలో మందు లేదు. ఆ తర్వాత ఎన్ని కరువులు వచ్చినా ఆ సంచిలో మందు చేరలేదు.

గొర్రెల కాపరులు మరీ మొహం మీదే చెప్పేవాళ్లు. "ఏం డాక్టరప్పా, జ్వరం చూడను గాజుపుల్ల ఎందుకు? చెవి పట్టుకుంటే సాలదా?" అని ఒకాయన అడిగితే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను కోపం తెచ్చుకున్నాను. తర్వాత చెవి పట్టుకుని చూసి, థర్మామీటరుతో సరిచూసుకోవడం మొదలుపెట్టాను. పదిసార్లలో ఎనిమిదిసార్లు చెవి చెప్పింది నిజమే. మిగతా రెండుసార్ల కోసం థర్మామీటరు ఉంది. అందులో కోప్పడాల్సింది ఏమీ లేదు.

నీళ్లు అడగడం

నాకు మొదట దొరికిన పై అధికారి మంచివాడు. ఇది అదృష్టమే. చాలామందికి రెండో వాడో మూడో వాడో మంచివాడు దొరుకుతాడు, అప్పటికి మనిషి అలవాట్లు గట్టిపడి ఉంటాయి. ఆయన నాకు చెప్పింది ఒకటే.

"రైతు ఇంటికి పోతానే పశువు గురించి మాట్లాడొద్దు. ముందు తాగను నీళ్లడుగు. వాళ్లు తెచ్చేలోపల కొట్టం చూడు, గాడి చూడు, పేడ చూడు. నీళ్లు తాగి చెంబు కింద పెట్టేలోపల సగం రోగం తెలుస్తాది."

"దప్పిక లేకపోతే సార్?"

"లేకున్నా తాగు. డాక్టరువైనాక నీ దప్పికతో ఎవరికి పని? ఇంగోటి, ఎవరిల్లని చూడొద్దు. ఎవరిచ్చినా తాగు. వద్దంటే ఆ ఇంట్లో ఎవరూ నీకు నిజం చెప్పరు."

అప్పుడు దాన్ని మర్యాదకు సంబంధించిన మాట అనుకున్నాను. నిజానికి ఆయన నాకు జవాబును ఆలస్యం చేయడం నేర్పుతున్నాడు. పదేళ్లు అలాగే చేశాను. తర్వాత నాకు పేరొచ్చింది. చూడగానే రోగం చెప్తాడని, ఫోనులో వివరం వింటే చాలునని చుట్టుపక్కల ఊళ్లలో అనుకునేవాళ్లు. అది నా చెవిన పడేది, బాగుండేది. నీళ్లు అడగడం మానేశాను. స్కూటర్ దిగడం కూడా తగ్గించాను.

వెంటనే జవాబు చెప్పేవాడే తెలిసినవాడని లోకం అనుకుంటుంది. ఉద్యోగంలో పైకి రావడం గురించిన పుస్తకాలు నేనూ కొన్ని చదివాను. వాటిలో ఆత్మవిశ్వాసం గురించి చాలా ఉంది. నా అనుభవంలో ఆత్మవిశ్వాసం వల్ల నాకు మేలు జరిగింది, పశువులకు జరగలేదు.

నాము

ఆ రోజు విషయానికి వస్తాను. జరిగి ఇరవై ఏళ్లు దాటింది.

జొన్నలో ఒక గుణం ఉంది. కోసిన మొదళ్లు ఎండకు కాగి, తర్వాత పడిన వానకు కొత్త పిలకలు వేస్తే, ఆ లేత పిలకల్లో విషం ఉంటుంది. దాన్ని మా వైపు నాము అంటారు. జానెడు ఎత్తున్నప్పుడు పశువు కడుపునిండా తింటే గంట కూడా బతకదు. నడుమెత్తు దాటి కంకి వేసేసరికి విషం దాదాపు పోతుంది. ఇది ప్రతి రైతుకూ తెలుసు, ప్రతి పశువైద్యుడికీ తెలుసు. నాకూ తెలుసు.

అయితే నేను అంతకు వారం ముందు రోడ్డు పక్క ఒక చేను చూసి ఉన్నాను. బోరు నీళ్ల కింద వేసిన జొన్న, మనిషి నడుమును దాటి పెరిగింది. నారాయణప్ప జొన్న చేను అనగానే నా కళ్ల ముందు ఆ చేనే నిలిచింది. అతని బోరు ఏప్రిల్‌లోనే ఎండిపోయిందనీ, గిడసబారిన జొన్నను కోసేసి మొదళ్లు వదిలేశాడనీ, ఇప్పుడున్నవి పిలకలనీ నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. ఎంత ఎత్తుంది అని అడిగితే సరిపోయేది. అడగలేదు.

అతను అంత అమాయకుడా అని మీరు అడగవచ్చు. కాదు. నారాయణప్ప ఆ ఊర్లో ఎద్దుల గురించి బాగా తెలిసిన మనిషి. సంతకు పోయి ఎద్దుల్ని కొనేవాళ్లు అతన్ని వెంట తీసుకుపోయేవాళ్లు. పండ్లు చూసి వయసు చెప్పేవాడు, నడక చూసి గిట్టలో రాయి ఉందో లేదో చెప్పేవాడు. ఏరువాక నాడు ఆ ఊర్లో మొదటి కాడి అతని ఎద్దులకే కట్టేవాళ్లు. ఎన్నో ఏళ్ల నుంచి వస్తున్న గౌరవం అది, అతని తండ్రి కాలం నుంచీ ఉంది. ఆస్తి తక్కువ. ఆ కుటుంబానికి ఊర్లో ఉన్న పేరంతా ఆ ఎద్దుల వల్ల వచ్చిందే.

అలాంటివాడు పొద్దున్నే అయిదు కిలోమీటర్లు నడిచి వచ్చి అడిగాడంటే అనుమానం ఉండబట్టే అడిగాడు. వామిలో ఎండు చొప్ప అయిపోయింది. ఎద్దులు ఎండాకాలమంతా అరకొర మేతతో బతికాయి. ముందురోజు మళ్లీ వాన పడింది, నేల పదును ఆరిపోకముందే వేరుశనగ విత్తాలి, ఎద్దులకు కాడి లాగే సత్తువ లేదు. ఎదురుగా పచ్చటి మేత ఉంది. ముట్టుకోవచ్చో లేదో తెలియదు. తనకంటే తెలిసినవాడు చెప్తే తన అనుమానాన్ని పక్కన పెడదామని వచ్చాడు. నేను చెప్పాను. పక్కన పెట్టాడు.

కడుపులో చూసింది

సమావేశంలో ఉండగా పదకొండు దాటాక ఆ ఆఫీసుకు ఫోను వచ్చింది. మా కాంపౌండరు మాబుసాబు.

"సార్, నారాయణప్ప ఎద్దులు పడిపోయినాయంట. నేను హైపో తీసుకోని పోతాండా. మీరు బిన్నా రాండి."

హైపో అంటే ఫోటో స్టూడియోల వాళ్లు అప్పట్లో వాడే ఉప్పులాంటి పొడి. నాముకు అదొక విరుగుడు. మాబుసాబు దాన్ని ఎప్పుడూ ఒక సీసా నిండా ఉంచేవాడు. అతను చదివింది పదో తరగతి.

నేను చేరేసరికి ఒకటిన్నర. చేను గట్టు మీద ఇరవై మంది ఉన్నారు. పెద్ద ఎద్దు చచ్చి పడి ఉంది. చిన్నది కాళ్లు వణుకుతూ నిలబడి ఉంది, మాబుసాబు దాని మెడ పట్టుకుని ఉన్నాడు. అతని చొక్కా అంతా ఎద్దు నురుగు.

"దీన్ని నిలబెట్టినా సార్. పెద్దది నేనొచ్చేటప్పటికే పోయింది."

నిబంధన ప్రకారం శవపరీక్ష చేయాలి. చేశాను. రక్తం నాముకు ఉండేటట్టే మామూలు కన్నా ఎర్రగా ఉంది. కడుపు కోసి చూస్తే లేత జొన్నాకు. నమలకుండా మింగింది చాలా ఉంది, ఆకలి మీద ఉంది గదా. ఒక పిలకను బయటికి లాగి అరచేతిలో పెట్టుకుని చూశాను. చేతివేళ్ల చివర నుంచి మణికట్టు దాకా వచ్చింది. అడగని ప్రశ్నకు జవాబు ఎద్దు కడుపులో దొరికింది.

గట్టు మీద ఉన్నవాళ్లు అప్పటికే మాట్లాడుకుంటున్నారు.

"ఊరందరి ఎద్దులకూ పండ్లు చూసి చెప్పేటోడు, ఇంటి ఎద్దు నోట్లోకి ఏం పోతాందో చూసుకోలేదు."

ఎవరో నవ్వారు. నారాయణప్ప తల వంచుకుని కూర్చున్నాడు. అతని తల్లి, డెబ్బై ఏళ్ల మనిషి, ఎద్దు తల దగ్గర కూర్చుని దాని కొమ్ము పట్టుకుని ఉంది. ఏడవలేదు. అందరికీ వినబడేటట్టు అంది.

"నిన్న నేను వద్దంటి. నాము పడ్తాదిరా, ఇంగ పది దినాలు తాళరా అంటి. ఇన్నాడా?" తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు సామీ. సదువుకున్నోడివి. ఇడ్సొచ్చునా ఆ మడిలోకి?"

పొద్దున కొడుకు అడిగిన ప్రశ్ననే తల్లి అడుగుతోంది. కొడుకు ఆస్పత్రికి వచ్చి నన్ను అడిగిన సంగతి ఆమెకు తెలియదు. ఇరవై మంది నా జవాబు కోసం చూస్తున్నారు.

"విడవకూడదవ్వా" అన్నాను.

నారాయణప్ప తల ఎత్తి నన్ను ఒక్కసారి చూశాడు. ఆ చూపు గురించి రాయను. మళ్లీ తల వంచుకుని, "తప్పు నాదే" అన్నాడు.

నేను చేతులు కడుక్కున్నాను.

రెండో పై అధికారి

మరుసటి రోజు అప్పటి నా పై అధికారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. విడవమని నేనే చెప్పానని, రిపోర్టులో అది రాయాలనుకుంటున్నానని చెప్పాను. ఆయన క్రూరుడు కాదు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు.

"నువ్వు చెప్పేది ఎవరన్నా విన్నారా?"

"లేదు సార్."

"ఆయప్ప ఎవరికన్నా చెప్పినాడా?"

"లేదు సార్. తప్పు తనదే అన్నాడు."

"ఇంకేం? వాడే ఒప్పుకున్నాక నీకెందుకయ్యా? యజమాని అజాగ్రత్త అని రాసి పంపు. నీకు ఇంకా ఎంతో సర్వీసుంది."

అలాగే రాసి పంపాను. నన్ను ఆయన బలవంతపెట్టలేదు. నాకు కావలసిన మాటను నాకంటే పెద్దవాడి నోట వినడానికే అక్కడికి పోయానని తర్వాత చాలా ఏళ్లకు అర్థమైంది. కొత్తగా చేరినవాళ్లకు ఒకటి చెప్తాను. తప్పు జరిగినప్పుడు ముందుగా ఎవరి దగ్గరికి పోతారో గమనించుకోండి. నష్టపోయినవాడి దగ్గరికి కాకుండా పై అధికారి దగ్గరికి పోతుంటే, మీరు ఏం చేయబోతున్నారో అప్పటికే నిర్ణయించుకున్నారన్నమాట.

ఒంటెద్దు

తర్వాత జరిగినవి మాబుసాబు ద్వారా తెలిశాయి. ఆ ఊరికి పోవాల్సిన పనులు నేను అతనికే అప్పగించేవాణ్ని. ఎందుకని అతను అడగలేదు.

ఒక ఎద్దుతో విత్తనపు గొర్రు సాగదు. పదును ఉండేది మూడు నాలుగు రోజులు. ఆ రోజుల్లో ఎవరి ఎద్దులు వాళ్ల చేలల్లోనే ఉంటాయి. అందరి విత్తనం అయ్యాక ఒకరు జత ఇచ్చారు. అప్పటికి నేల ఆరిపోయింది. నారాయణప్ప విత్తిన వేరుశనగ సగం మొలవలేదు, మొలిచింది నిలవలేదు.

మరుసటి ఏడు ఏరువాక నాడు మొదటి కాడి ఇంకొక ఇంటికి పోయింది. పెద్దలు కూర్చుని తీసుకున్న నిర్ణయం. ఎద్దు చచ్చిందని కాదు, ఎద్దులు ఎవరికైనా చస్తాయి. నాము అని తెలిసి తోలినవాడి చేతి పలుపుతో ఏడాది మొదలుపెట్టకూడదని. నారాయణప్ప చిన్నెద్దును కడిగి, కొమ్ములకు రంగు పూసి, కొట్టంలోనే కట్టేసుకున్నాడట.

సంతకు పోయేవాళ్లు అతన్ని పిలవడం మానేశారు. తల్లి అతనితో మాట్లాడడం మానలేదు, అదే కష్టమైంది. రోజూ అన్నం పెట్టేటప్పుడు ఒక మాట అనేది. "నోరు లేని దాన్ని సంపుకున్న చెయ్యి, బాగా కడుక్కో" అనేది. మూడేళ్లకు ఆమె చనిపోయింది. అదే మాట మీద పోయింది.

మిగిలిన చిన్నెద్దును అతను అమ్మేశాడని నాకు ఒక బస్టాండులో తెలిసింది. నేను వేరే మండలానికి బదిలీ అయ్యాను అప్పటికి. బెంగుళూరు బస్సు కోసం సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"బాగుండారా సార్?"

"బాగున్నా. నువ్వు?"

"చిన్నెద్దును ఇచ్చేసినా సార్. మంచి తావకే పోయింది, సోమందేపల్లె పక్క. జోడు కుదిరింది దానికి."

"బెంగుళూరులో ఏం పని?"

"వాచ్‌మన్ పని. కట్టతాండే బిల్డింగుకు. రాత్రీ పగలూ ఆడనే."

చెప్పాల్సింది చెప్పడానికి నాకు పది నిమిషాలు దొరికాయి. బస్సు ఆలస్యంగా వస్తుందా అని అడిగాను. టిక్కెట్టు ఎంత అని అడిగాను. ఇన్ని ప్రశ్నలు అతన్ని అంతకుముందెప్పుడూ అడగలేదు. బస్సు వచ్చింది.

ఓబులమ్మ

నేను పదవీ విరమణ చేసిన రెండో ఏడాది నారాయణప్ప పోయాడని మాబుసాబు ఫోను చేసి చెప్పాడు. బెంగుళూరులోనే, ఛాతీ జబ్బు. శవాన్ని ఊరికి తెచ్చారు. నేను పోలేదు. నెల తర్వాత పోయాను.

అతని భార్య ఓబులమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది. చాప వేసింది. నేను నీళ్లు అడిగాను, తాగాను. తర్వాత, ఆ రోజు ఎద్దుల్ని విడవమని చెప్పింది నేనేనని, ఊరందరి ముందూ అబద్ధమాడానని చెప్పాను. ఇంటి నుంచి వచ్చేటప్పుడు ఎలా చెప్పాలో చాలా అనుకున్నాను. చెప్పడానికి రెండు వాక్యాలే పట్టింది.

"తెలుసు సార్" అంది ఓబులమ్మ.

"ఆయన చెప్పినాడా?"

"మీ తావ నుంచి వచ్చి, డాక్టరు సరే అన్నాడని చెప్పినంకనే గదా పలుపులు ఇప్పింది. ఇప్పి తోలింది నేను."

ఆమె చేతులు ఆగలేదు. గింజలు పక్కన గిన్నెలో పడుతూనే ఉన్నాయి.

"మరి ఎవరికీ చెప్పలేదేం? అవ్వకన్నా చెప్పకపోతిరే."

"నేనూ అదే అడిగితి. దినామూ తిట్టిచ్చుకుంటావా, అవ్వకన్నా చెప్పప్పా అంటి. ఆయప్ప ఏమన్నాడంటే, డాక్టరు చెప్పినందుకే సచ్చిందని ఊర్లో తెలిస్తే ఇంగెవరూ ఆస్పత్రికి తోలుకోని పోరు. మళ్లా నాము పడితే ఇంట్లోనే మజ్జిగ పోసి సంపుకుంటారు. మాబుసాబు మందుకు ఒకటి బతికింది గదా, ఆ మందు అందరికీ అందనీ, అన్నాడు."

చెంబులో మిగిలిన నీళ్లు తాగాను.

"మిమ్మల్ని కాపాడాలని కాదు సార్" అంది. "అట్లనుకోవద్దండి. మీ మీద కోపమే ఉన్నింది ఆయప్పకు. సచ్చేదాకా ఉన్నింది."

"ఇప్పుడు ఊర్లో చెప్తాను. అందరికీ చెప్తాను."

మొదటిసారి ఆమె చేతులు ఆపి నన్ను చూసింది.

"ఎవరికి చెప్తారు? తెలియాల్సింది అవ్వకొకదానికి. ఆయమ్మ పాయె. ఆ పొద్దు గట్టు మీద నిలబడి చూసినోళ్లలో సగం మంది మన్నైరి, సగం మంది బెంగుళూరులో ఉండారు. చెప్పాలంటే చెప్పండి, వద్దనను."

బయటికి వచ్చాను. బస్సు షెల్టరులో నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లకు చెప్పాను, మొదటి నుంచి. మర్యాదగా విన్నారు. వాళ్లలో పెద్దాయన, "అవునా సార్, పాపం" అన్నాడు. ముప్పై ఏళ్ల అతను ఫోను జేబులో పెట్టుకుని, "నారాయణప్ప అంటే ఎవరన్నా?" అని పక్కవాణ్ని అడిగాడు. ఇల్లు ఎక్కడుందో చెప్పాక కూడా అతనికి మనిషి గుర్తు రాలేదు. ఏరువాకకు మొదటి కాడి కట్టేవాళ్లని పెద్దాయన చెప్తే, "కాడి అంటే మా నాయన కాలంలో గదా" అన్నాడు.

పనికొచ్చేవి రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. అడగకుండా జవాబు చెప్పొద్దు. చెప్పింది తప్పని తెలిసిన రోజే, నష్టపోయినవాడి ఊర్లో, నష్టపోయినవాడి ఇంట్లోవాళ్ల ముందు చెప్పండి. ఆలస్యంగా చెప్పిన నిజం చెప్పినవాడికి కూడా పనికిరాదు. నేను చెప్పి చూశాను. తిరిగి వచ్చేటప్పుడు మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు.

మీలో కొందరు ఇది చదివి, ఒక్క ఎద్దు కోసం ఇంతనా అనుకుంటారు. అనుకోండి. నేనూ ఆ రిపోర్టు రాసిన రోజు అలాగే అనుకున్నాను.

ఆ రోజు తిరిగి వచ్చే దారిలో నేను పనిచేసిన ఆస్పత్రి ముందు బస్సు ఆగింది. కొత్త భవనం కట్టారు. ప్రహరీ ఉంది, బోరు ఉంది, మందులు పెట్టే ఫ్రిజ్ ఉంది. గొర్రెలకు టీకాలు వేస్తారు, కుక్కలకూ వేస్తారట. పశువుల్ని నిలబెట్టి కట్టే ఇనుప చట్రంలో ఎవరో మోటారు సైకిలు పెట్టుకున్నారు. నారాయణప్ప ఊర్లో ఇప్పుడు దున్నేది ట్రాక్టర్లే, అక్కడి నుంచి ఎవరూ ఆస్పత్రికి ఎద్దులను తోలుకురావడం లేదు.